అమెరికా ప్రైమరీ ఎన్నికలలో మతవిశ్వాసుల ఓటు

గత విద్యాసంవత్సరంలో ఒకనాడు బి.ఏ. రెండవ సంవత్సరం విద్యార్థులకు "మతము - ప్రజాస్వామ్యము" అనే విషయమిచ్చి వ్యాసం వ్రాయమన్నాను. ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చిన ఒక విద్యార్థి లేచి, "సార్, అమెరికాలో మతం చూసి ఓటు వేయరు కదా?" అని అడిగాడు. నేను నోరు విప్పక ముందే వెనుక బెంచీ నుండి మరొకడు, "ఎందుకు వేయరు? అక్కడ పాస్టరు ఎవరికి వేయమంటే వాళ్ళకే వేస్తారట" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. ఏదో జవాబు చెప్పి పాఠంలోకి వెళ్ళిపోయాను గాని, ఆ జవాబు నాకే నచ్చలేదు. ఇది రాజనీతిశాస్త్రం వారు వ్రాయవలసిన వ్యాసం. అయినా ప్రశ్న నా తరగతిలో పుట్టినది కనుక బాకీ నాదే అనుకొని, ఈ సంచిక మిషగా తీర్చుకొనుచున్నాను.

1787లో రూపొందిన అమెరికా రాజ్యాంగంలోని ఆరవ అధికరణం, ప్రభుత్వ పదవికి అర్హతగా ఎటువంటి మతపరీక్షను విధించరాదని శాసించింది. 1791లో చేర్చిన మొదటి సవరణ, ప్రభుత్వం ఏ మతాన్నీ అధికార మతంగా నెలకొల్పరాదని, ఎవరి మతాచరణకూ అడ్డు రారాదని చెప్పింది. అయితే రాజ్యాంగం ప్రభుత్వాన్ని కట్టడి చేయగలదే కాని ఓటరు మనస్సును కట్టడి చేయలేదు. చట్టం పెట్టని పరీక్షను ఓటరు తన మనస్సులో పెట్టుకొనవచ్చును. ఆ పరీక్ష మిక్కిలి తీవ్రంగా జరిగేది నవంబరులో జరిగే అసలు ఎన్నికకు ముందు, పార్టీల లోపల జరిగే ప్రైమరీలలో.

ఈ ప్రైమరీ అనేది మనకు కొత్త. మన దేశంలో పార్టీ టికెట్టు ఎవరికి ఇవ్వవలెనో అధిష్ఠానం తేలుస్తుంది. అమెరికాలో కూడ చాలాకాలం పార్టీ పెద్దలే తేల్చేవారు. 1968లో హ్యూబర్ట్ హంఫ్రీ ప్రైమరీలలో పోటీ చేయకుండానే డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థి కాగలిగాడు. ఆ చికాగో మహాసభ జరుగుతుండగా వెలుపల వీధులలో వియత్నాం యుద్ధ వ్యతిరేకులకు, పోలీసులకు ఘర్షణలు చెలరేగాయి. ఆ అలజడి తరువాత నియమాలు మార్చగా, 1972 నుండి ఎంపిక చాల వరకు సామాన్య ఓటరు చేతికి వచ్చింది. రాష్ట్రం తరువాత రాష్ట్రంగా, జనవరి ఫిబ్రవరి నెలలలో మొదలై జూను వరకు ఈ ఎన్నికలు సాగుతాయి. గెలిచిన కొలదీ అభ్యర్థికి ప్రతినిధుల సంఖ్య పెరుగుతుంది. మొత్తం ప్రతినిధులలో సగానికి మించి కూడగట్టినవాడే పార్టీ అభ్యర్థి.

కొన్ని రాష్ట్రాలలో రహస్య ఓటు గల ప్రైమరీకి బదులు కాకస్ అనే సభ జరుగుతుంది. వీటిలో ప్రసిద్ధమైనది ఐయోవా రాష్ట్రపు కాకస్. గడ్డకట్టే చలిలో, రాత్రివేళ, పాఠశాలలోనో చర్చి హాలులోనో పార్టీ అభిమానులు సమావేశమై, అభ్యర్థుల తరఫున ఉపన్యాసాలు విని, తమ అభిప్రాయం తెలుపుతారు. ఐయోవా జనాభా సుమారు 30 లక్షలు కాగా, 2008లో రిపబ్లికన్ కాకస్‌కు వచ్చినవారు 1,20,000కు మించలేదు. ఇంత కొద్దిమంది వచ్చే చోట, ప్రతి ఆదివారం ఒకచోట కలుసుకొనే అలవాటున్న సమూహానికి ఎంత బలముంటుందో వేరుగా చెప్పనక్కరలేదు. చర్చికి వెళ్ళేవారికి కారులు ఉన్నాయి, ఫోను నంబర్ల పట్టికలు ఉన్నాయి, ఒకరినొకరు పిలుచుకొనే చనువు ఉన్నది. పార్టీ కార్యకర్త నెలల తరబడి కట్టవలసిన యంత్రాంగం అక్కడ ముందే కట్టి ఉన్నది.

ఇక ఆ మతసమూహాల సంగతి. అమెరికా అనగానే "క్రైస్తవులు" అని ఒక్క మాటతో తేల్చివేస్తాము. బాప్టిస్టులు, లూథరన్లు, కాథలిక్కులు అని వేర్వేరుగా ఉన్నారని ఒంగోలు, గుంటూరు ప్రాంతాలవారికి చెప్పనక్కరలేదు. ఒంగోలుకు బాప్టిస్టు మిషను, గుంటూరుకు లూథరన్ మిషను అమెరికా నుండి వచ్చినవే. అమెరికాలో ప్రొటెస్టెంటులు అనేక శాఖలుగా చీలి ఉన్నారు. బాప్టిస్టులే 1845లో బానిసత్వం విషయమై ఉత్తర దక్షిణ సంఘాలుగా విడిపోయారు. మారుమనస్సు పొంది తిరిగి జన్మించినట్లుగా భావించేవారిని, బైబిలునే సర్వప్రమాణంగా గ్రహించేవారిని ఎవాంజెలికల్ విశ్వాసులు అంటారు. వీరు దక్షిణ రాష్ట్రాలలోను, ఐయోవా వంటి వ్యవసాయ ప్రాంతాలలోను అధికం. నల్లజాతివారి చర్చీలు విశ్వాసంలో వీరికి దగ్గరివే అయినా రాజకీయంగా పూర్తిగా వేరొక చరిత్ర గలవి.

మతం అభ్యర్థి కొంప ముంచిన కథలలో మొదట చెప్పుకొనేది 1928 నాటిది. న్యూయార్కు గవర్నరు ఆల్ స్మిత్ కాథలిక్కు. డెమొక్రటిక్ పార్టీ అతనిని అభ్యర్థిగా నిలిపితే, ఆ పార్టీకి కంచుకోటలైన దక్షిణ రాష్ట్రాలలో టెక్సాస్, వర్జీనియా, ఫ్లోరిడా వంటివి కూడ హూవర్ పక్షం చేరాయి. మద్యనిషేధానికి స్మిత్ వ్యతిరేకి కావడం, దేశం అప్పుడు సంపన్నంగా ఉండడం కూడ కారణాలే. కాని పార్టీ పెద్దలకు మిగిలిన జ్ఞాపకం ఒక్కటే: కాథలిక్కును నిలబెడితే ఓడిపోతాము. ఆ భయం 32 సంవత్సరాలు వారిని వదలలేదు.

1960లో జాన్ ఎఫ్. కెనెడీ ఎదుర్కొన్నది ఈ భయాన్నే. అతనికి ప్రైమరీ అవసరమైనది ప్రతినిధుల కోసం అంతగా కాదు. ప్రొటెస్టెంటు ఓటరు తనకు ఓటు వేస్తాడని పార్టీ పెద్దలకు రుజువు చూపడానికి. ఏప్రిల్ 5న విస్కాన్సిన్‌లో హంఫ్రీపై గెలిచాడు. గెలిచినా ప్రయోజనం దక్కలేదు. కాథలిక్కులు ఎక్కువగా ఉన్న నియోజకవర్గాలే అతనిని గెలిపించాయని పత్రికలు లెక్క తేల్చాయి. స్వమతస్థుల ఓటుతో వచ్చిన గెలుపు అభ్యర్థికి బలం కాక అనుమానం తెచ్చిపెట్టడం గమనింపదగినది.

అందుచేత పోరు పశ్చిమ వర్జీనియాకు మారింది. కొండల మధ్య బొగ్గుగనుల రాష్ట్రమది. గనులలో యంత్రాలు వచ్చి పనులు పోయి, ఆకలితో ఉన్న కుటుంబాలు వేలకొలది. కాథలిక్కులు జనాభాలో నూటికి అయిదుగురు కూడ లేరు. కెనెడీ మొదట మతం ప్రస్తావన తప్పించుకొన చూచాడు. తరువాత దానినే ఎదురుగా తీసుకొన్నాడు. తాను నౌకాదళంలో చేరినపుడు, తన అన్న యుద్ధంలో విమానంతో పాటు నేలకొరిగినపుడు ఎవరూ మతమడగలేదని సభలలో గుర్తుచేశాడు. దీనితో హంఫ్రీ చిక్కులో పడ్డాడు. అతడు మతద్వేషి కాడు. పౌరహక్కుల కోసం పోరాడినవాడు. అయినా అతనికి వేసే ఓటు సంకుచితత్వానికి వేసే ఓటు అన్నట్లుగా వాతావరణం మారింది. పైగా కెనెడీ కుటుంబం వెచ్చించే ధనానికి అంతులేదు. ఊరూరా శాఖలున్న పెద్ద కంపెనీతో పోటీపడే చిల్లర దుకాణదారు వలె ఉన్నది తన పరిస్థితి అని హంఫ్రీ వాపోయాడు. మే 10న కెనెడీకి సుమారు 61 శాతం, హంఫ్రీకి 39 శాతం ఓట్లు వచ్చాయి. హంఫ్రీ పోటీ నుండి తప్పుకొన్నాడు.

ఇక్కడ నాకు ఆసక్తి కలిగించిన విషయం మరొకటి. కెనెడీ అధ్యక్షుడైన వెంటనే 1961 జనవరిలో జారీచేసిన మొదటి ఉత్తర్వు పేద కుటుంబాలకు ఆహార పంపిణీని పెంచడం గూర్చినది. అదే సంవత్సరం మే నెలలో ప్రయోగాత్మకంగా మొదలైన ఆహార కూపన్ల పథకం తొలి లబ్ధిదారులు పశ్చిమ వర్జీనియాలోని మెక్‌డోవెల్ కౌంటీవారే. ఆ గనికార్మికులు ఓటు వేసేటపుడు మతాన్ని మరచిపోయారని ఎవరూ అనలేరు. మతంతో పాటు వారికి ఆకలి కూడ ఉన్నది. రెంటిలో ఏది పైకి వచ్చునో అభ్యర్థి నడవడిని బట్టి ఉంటుంది. ఆ సెప్టెంబరు 12న కెనెడీ హ్యూస్టన్‌లో ప్రొటెస్టెంటు బోధకుల సభకు స్వయంగా వెళ్ళి, మతాధికారులు అధ్యక్షుని ఆజ్ఞాపించలేని రాజ్యంలోనే తన విశ్వాసమున్నదని వివరించాడు. నవంబరులో సుమారు 1,12,000 ఓట్ల ఆధిక్యంతో, అంటే ఒకశాతంలో అయిదవ వంతు కూడ లేని తేడాతో, నెగ్గాడు.

కెనెడీ తన మతం రాజకీయానికి అడ్డు రాదని చెప్పి గెలిచాడు. పదహారేళ్ళ తరువాత జిమ్మీ కార్టర్ తన మతాన్ని దాచకుండా చెప్పుకొని గెలిచాడు. జార్జియాలోని ప్లెయిన్స్ అనే పల్లెలో వేరుసెనగ పండించే ఈ దక్షిణ బాప్టిస్టు, ఆదివారం పాఠశాలలో బైబిలు చెప్పేవాడు. వాటర్‌గేటు తరువాత దేశం నిజాయితీపరుని వెదకుతున్న సమయమది. అంతవరకు రాజకీయాలకు దూరంగా ఉన్న ఎవాంజెలికల్ విశ్వాసులు అనేకులు అతనికి ఓటు వేశారు. తీరా 1980 వచ్చేసరికి వారిలో అధికభాగం అతనిని విడిచి, విడాకులు పొంది మరల వివాహమాడిన హాలీవుడ్ నటుడు రొనాల్డ్ రీగన్ వైపు వెళ్ళిపోయారు. ఆదివారం పాఠాలు చెప్పేవానిని కాదని నటుని ఎంచుకొన్నారన్నమాట. గర్భస్రావం, పాఠశాలలలో ప్రార్థన వంటి సమస్యలపై రీగన్ తమ పక్షమని వారు నమ్మారు. 1979లో జెర్రీ ఫాల్‌వెల్ స్థాపించిన మోరల్ మెజారిటీ అనే సంస్థ ఈ మార్పుకు చాల తోడ్పడింది. అప్పటినుండి ఓటరు ప్రశ్న మారింది. "నీవు ఎవరిని ప్రార్థిస్తావు?" అనే ప్రశ్న వెనుకబడి, "నీవు మా పక్షమా, కాదా?" అనే ప్రశ్న ముందుకు వచ్చింది.

మరి బోధకుడే స్వయంగా నిలబడితే? వెనుక బెంచీ విద్యార్థి చెప్పినదే నిజమైతే అతనికి తిరుగుండకూడదు. 1988లో టెలివిజన్ బోధకుడు పాట్ రాబర్ట్‌సన్ రిపబ్లికన్ అభ్యర్థిత్వానికి పోటీచేశాడు. ఐయోవాలో బాబ్ డోల్‌కు 37 శాతం, రాబర్ట్‌సన్‌కు 25 శాతం రాగా, దేశ ఉపాధ్యక్షుడైన జార్జి బుష్ 19 శాతంతో మూడవ స్థానానికి దిగజారాడు. దేశం ఉలిక్కిపడింది. కాని వారం తిరిగేసరికి, చర్చి యంత్రాంగం అంతగా పనిచేయని న్యూ హాంప్‌షైర్‌లో రాబర్ట్‌సన్ అయిదవ స్థానంలో నిలిచాడు. తన బలమంతా ఉన్నదనుకొన్న దక్షిణ కరోలినాలో కూడ బుష్ చేతిలో దారుణంగా ఓడాడు. సాటి బోధకుడైన ఫాల్‌వెల్ బలపరచినది బుష్‌ను. కాకస్‌లో సభ్యులను సమకూర్చుకొని గెలువవచ్చును. లక్షలమంది ఓటువేసే ప్రైమరీలో అది చాలదని తేలింది. ఎవాంజెలికల్ ఓటర్లే అనేకులు, బోధకుడు వేదికమీద ఉండవలసినవాడు, అధ్యక్ష భవనంలో కాదని భావించారు.

'ఓటు బ్యాంకు' అనే మాటను మన దేశంలో ప్రచారంలోకి తెచ్చినది సామాజిక శాస్త్రవేత్త ఎమ్.ఎన్. శ్రీనివాస్. గ్రామంలో ఒక పెద్ద తన మీద ఆధారపడినవారి ఓట్లను కూడగట్టి నాయకునికి అప్పగించడాన్ని గూర్చి ఆయన ఆ మాట వాడాడు. ఈనాడు ఆ మాటను అర్థం మార్చి, ఒక మతంవారినో కులంవారినో చూపి తేలికగా విసరివేస్తున్నారు. మన కళాశాలవంటి చోట చదువుకొనే విద్యార్థులకు ఈ మాట చెవినపడని ఎన్నిక లేదు. అప్పగించే పెద్ద ఒకడు ఉండవలెను, అతని మాట చెల్లవలెను; అప్పుడే అది బ్యాంకు. రాబర్ట్‌సన్ కథలో అటువంటి పెద్ద కనబడడు. ఓటర్లు ఒకే విశ్వాసం కలవారు, ఒకే సభలో కూర్చునేవారు, అయినా చీలిపోయారు.

చీలిపోవడం వలన ఫలితాలు ఎట్లా తారుమారు కాగలవో తరువాతి ఎన్నికలు మరింత స్పష్టంగా చూపాయి. 2008లో అర్కన్సా మాజీ గవర్నరు, బాప్టిస్టు బోధకుడు మైక్ హకబీ ఐయోవాలో 34 శాతంతో గెలిచాడు; మిట్ రామ్నీకి 25 శాతం. ఆ రాత్రి కాకస్‌కు వచ్చిన రిపబ్లికన్లలో సుమారు 60 శాతం ఎవాంజెలికల్ విశ్వాసులని, వారిలో దాదాపు సగంమంది హకబీ వైపున్నారని సర్వేలు తెలిపాయి. ఇతర ఓటర్లలో మాత్రం అతడు చాల వెనుకబడ్డాడు. జనవరి 19న దక్షిణ కరోలినాలో జాన్ మెకేన్‌కు 33 శాతం, హకబీకి 30 శాతం, ఫ్రెడ్ థాంప్సన్‌కు 16 శాతం వచ్చాయి. ఎవాంజెలికల్ ఓటర్లలో హకబీయే ముందున్నా, థాంప్సన్ కొంత పంచుకుపోవడంతో రాష్ట్రం మెకేన్‌కు దక్కింది. ఇదే మెకేన్ 2000లో ఇదే రాష్ట్రంలో చిన్న బుష్ చేతిలో ఓడి, మత నాయకులైన రాబర్ట్‌సన్, ఫాల్‌వెల్‌లను వర్జీనియాలో బహిరంగంగా విమర్శించి, మరునాడే ఆ రాష్ట్రంలో కూడ ఓడినవాడు.

2012లో కాథలిక్కు అయిన రిక్ శాంటోరమ్ ఐయోవాలో 34 ఓట్ల తేడాతో రామ్నీపై గెలిచాడు. మొదటి రాత్రి రామ్నీయే 8 ఓట్లతో గెలిచాడని ప్రకటించడం వలన ఆ గెలుపు అతనికి అంతగా ఉపకరించలేదు. 2016లో టెడ్ క్రూజ్ అక్కడ గెలిచాడు. హకబీ, శాంటోరమ్, క్రూజ్, ముగ్గురూ ఎవాంజెలికల్ ఓటుతో ఐయోవా గెలిచినవారే. ముగ్గురిలో ఒకరికీ పార్టీ అభ్యర్థిత్వం దక్కలేదు. ఒక సమూహానికి మాత్రమే అభ్యర్థి అయినవానికి ఆ సమూహమే హద్దుగోడ అవుతుంది. రామ్నీ మార్మన్ శాఖకు చెందినవాడు. ఆ శాఖను క్రైస్తవంగా అంగీకరించనివారు ఎవాంజెలికల్ విశ్వాసులలో అనేకులు. అందుకే కెనెడీని అనుసరించి 2007 డిసెంబరులో టెక్సాస్‌లో తన విశ్వాసాన్ని గూర్చి ఉపన్యసించాడు. ప్రైమరీలలో ఆ అనుమానం అతనిని వెంటాడింది. కాని 2012 నవంబరులో ఒబామాతో తలపడినపుడు శ్వేతజాతి ఎవాంజెలికల్ ఓటర్లలో నాలుగింట మూడువంతులకు మించి అతనికే ఓటు వేశారు. ప్రైమరీలో పనిచేసే మతపరీక్ష వేరు, అసలు ఎన్నికలో పనిచేసే పార్టీ విధేయత వేరు.

డొనాల్డ్ ట్రంప్ విషయంలో ఈ లెక్కలన్నీ తలక్రిందులైనట్లు పైకి కనిపిస్తుంది. క్రూజ్ తన అభ్యర్థిత్వాన్ని 2015 మార్చిలో ఫాల్‌వెల్ స్థాపించిన లిబర్టీ విశ్వవిద్యాలయంలోనే ప్రకటించాడు. 2016 జనవరిలో ఆ విశ్వవిద్యాలయాధిపతి, ఫాల్‌వెల్ కుమారుడు, ట్రంప్‌ను బలపరచాడు. మూడు వివాహాలవాడు, బైబిలు అధ్యాయం పేరు కూడ అలవాటైన రీతిలో పలుకలేక అదే వేదికపై నవ్వులపాలైనవాడు, ఫిబ్రవరి 20న దక్షిణ కరోలినాలో 32.5 శాతంతో గెలిచాడు. ఎవాంజెలికల్ ఓటర్లలో మూడవ వంతు అతని వైపున్నారు. మిగిలిన రెండు వంతులు క్రూజ్, రూబియో, ఇతరుల మధ్య చెల్లాచెదరయ్యాయి. నియమాలను బట్టి ఆ మూడవ వంతుతోనే రాష్ట్రంలోని 50 మంది ప్రతినిధులూ అతనికే దక్కారు! తొలి ప్రైమరీలలో అతని బలం, ప్రతి వారం చర్చికి వెళ్ళేవారిలో కంటె అరుదుగా వెళ్ళేవారిలో అధికమని పరిశీలకులు గుర్తించారు. 2024 నాటికి ఆ తేడా కూడ చెరిగిపోయింది. ఐయోవాలో పేరుమోసిన ఎవాంజెలికల్ నాయకుడు బాబ్ వాండర్ ప్లాట్స్ డిశాంటిస్‌ను బలపరచగా, ట్రంప్ 51 శాతంతో గెలిచాడు. డిశాంటిస్‌కు 21 శాతం వచ్చింది. నాయకుని మాట ఒక దారి, మందిరంలో కూర్చున్నవారి ఓటు మరొక దారి.

నాయకుని మాట చెల్లిన సందర్భం లేదా అంటే ఉన్నది, కాని అది వేరొక చోట. 2020లో జో బైడెన్ ఐయోవాలో నాలుగవ స్థానం, న్యూ హాంప్‌షైర్‌లో అయిదవ స్థానం పొంది, ఇక పని అయిపోయిందనిపించుకొన్నాడు. దక్షిణ కరోలినా డెమొక్రటిక్ ఓటర్లలో సగానికి మించి నల్లజాతివారు. వారి చర్చీలు బానిసత్వకాలం నుండి ప్రార్థనకే కాక చదువుకు, హక్కుల పోరాటానికి నెలవులు. ఆ రాష్ట్రపు కాంగ్రెసు సభ్యుడు, చర్చి బోధకుని కుమారుడు జిమ్ క్లైబర్న్ ఎవరినీ బలపరచక ఊరకున్నాడు. ఒక అంత్యక్రియ సందర్భంలో చర్చిలో ఒక వృద్ధురాలు అతనిని దగ్గరకు పిలిచి, "నీవెవరికి వేస్తున్నావు?" అని అడిగిందట. అతడు చెవిలో చెప్పగా, ఊరివారందరూ ఆ మాట వినవలసి ఉన్నదని ఆమె అన్నదట. ఫిబ్రవరి 26న క్లైబర్న్ బహిరంగంగా ప్రకటించాడు. 29న బైడెన్ దాదాపు సగం ఓట్లతో గెలిచి, అక్కడినుండి వెనుదిరిగి చూడలేదు. ఇది కూడ ఓటు బ్యాంకు కాదు. అడిగినది ఓటరు, జవాబు చెప్పినవాడు నాయకుడు. బైడెన్ కాథలిక్కు అన్న సంగతిని ఆ బాప్టిస్టు, మెథడిస్టు ఓటర్లు ఎవరూ పట్టించుకొనలేదు. 1928 నుండి ఎంత దూరం వచ్చారో చూడండి.

కాథలిక్కుకు తెరుచుకొన్న తలుపు ఇతరులకు ఎంతవరకు తెరుచుకొన్నది? 2015లో గాలప్ సంస్థ, అర్హుడైన అభ్యర్థిని మీ పార్టీ నిలిపితే ఓటు వేస్తారా అని మతం వారీగా అడిగింది. కాథలిక్కుకు వేస్తామన్నవారు 93 శాతం, యూదునికి 91, మార్మన్‌కు 81, ముస్లింకు 60, నాస్తికునికి 58. అదే సంవత్సరం సెప్టెంబరులో రిపబ్లికన్ పోటీదారు బెన్ కార్సన్, ముస్లింను అధ్యక్షపదవిలో కూర్చుండబెట్టడానికి తాను అంగీకరించనని టెలివిజన్‌లో చెప్పాడు. రాజ్యాంగపు ఆరవ అధికరణం అప్పటికి 228 సంవత్సరాల నాటిది. అంతకుముందు 2008లో ఒబామా ముస్లిం అనే పుకారు ప్రైమరీల కాలమంతా తిరిగింది. అతని పక్షంవారు "కాదు, క్రైస్తవుడే" అని ఖండిస్తూ వచ్చారు. ఆ అక్టోబరులో రిపబ్లికన్ అయిన కొలిన్ పావెల్ మాత్రమే, ఒకవేళ ముస్లిం అయితే తప్పేమిటని దేశాన్ని అడిగాడు. ఇది చదివినపుడు, ఖండనలో కూడ అవమానం దాగి ఉండవచ్చునని నాకు తోచింది.

భారత సంతతివారి మాట కూడ ఒకటి. సిక్కు కుటుంబంలో జన్మించి మెథడిస్టు శాఖలో చేరిన నిక్కీ హేలీ 2024లో ట్రంప్‌కు చివరి వరకు ఎదురు నిలిచింది. హిందువుగానే ఉండి పోటీచేసిన వివేక్ రామస్వామికి ఐయోవా సభలలో తన మతాన్ని వివరించుకొనక తప్పలేదు; సుమారు 8 శాతంతో నాలుగవ స్థానం పొంది విరమించాడు. ఆ ఓటమికి మతమే కారణమనడం తొందరపాటు. అతడు పొగడుతూ వచ్చిన ట్రంపే పోటీలో ఉండగా అతనికి చోటెక్కడ?

ఇక ముస్లిం ఓటర్లు. మిషిగన్ రాష్ట్రంలోని డియర్‌బోర్న్ పట్టణంలో అరబ్బు సంతతివారు అధికం. 2016 డెమొక్రటిక్ ప్రైమరీలో అక్కడ గెలిచినది యూదుడైన బెర్నీ సాండర్స్. పాలస్తీనియన్ల హక్కులను గూర్చి, ఫీజులు లేని కళాశాల విద్యను గూర్చి అతడు మాట్లాడిన తీరు వారికి నచ్చింది. 2024 ఫిబ్రవరి 27న అదే పట్టణంలో, గాజా యుద్ధంపై నిరసనగా, అధ్యక్షుడు బైడెన్‌కు బదులు 'ఎవరికీ కట్టుబడలేదు' అనే గడిలో ఓటువేసినవారు సగానికి మించారు. రాష్ట్రమంతటా అటువంటి ఓట్లు లక్షకు పైగా, సుమారు 13 శాతం. వాటివలన వచ్చిన ప్రతినిధులు ఇద్దరే. నవంబరులో డియర్‌బోర్న్ ఓట్లు ట్రంప్, హారిస్, హరిత పార్టీ అభ్యర్థిని జిల్ స్టీన్‌ల మధ్య మూడు పాయలుగా చీలి, ట్రంప్ మొదటి స్థానంలో నిలిచాడు. ఒకే మసీదులో ఒకే వరుసలో నిలబడినవారు మూడు గుర్తులకు ఓటువేశారు. ఆ పట్టణంలో ఇంటింటా ఈ విషయమై ఎంత వాదన జరిగి ఉంటుందో మనం ఊహించుకొనవచ్చును.

ప్రశ్న అడిగిన విద్యార్థి ఇప్పుడు మూడవ సంవత్సరంలో ఉన్నాడు. ఈ వ్యాసం వ్రాతప్రతిని అతనికి చూపాను. శ్రద్ధగా చదివి, "మరి వెనుక బెంచీవాడు చెప్పింది కూడా తప్పేనా సార్?" అన్నాడు. ఆ వెనుక బెంచీవానిని కూడ పిలిపించి, పశ్చిమ వర్జీనియా భాగం మరల ఇద్దరి చేత చదివించాను.